రెండో కాగితం

కొత్తగా గవర్నమెంటు ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. సెలవు నియమాలో, పాత ఫైళ్ల సంగతులో అడుగుతారు. లేచి వెళ్లే ముందు ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పండి" అని. దానికి నా దగ్గర ఒక జవాబు తయారుగా ఉంటుంది. ఒక ఏడాది ఆఫీసులోకి వాననీళ్లు వస్తే, నడుం లోతు నీళ్లలో సర్వీసు రిజిస్టర్లను నెత్తిన పెట్టుకుని బయటికి తెచ్చిన కథ అది. నిజంగా జరిగిందే. పిల్లలు మెచ్చుకుని వెళ్లిపోతారు.

నేను మరిచిపోలేనిది మాత్రం అది కాదు. ఇంతవరకు ఎవరికీ చెప్పని ఈ సంగతి, చెప్పుకోదగ్గది కాకపోయినా, ఇప్పుడు రాస్తున్నాను. మీరు నా కుర్చీలాంటి కుర్చీలోనే కూర్చోబోతున్నారు గనక రాస్తున్నాను.

సమాచార హక్కు చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. అప్పట్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఒకే జిల్లా. ఈ మూడు పట్నాలకూ కలిపి మా శాఖకు గద్వాలలో ఒక చిన్న ఆఫీసు ఉండేది. కోట వైపు పోయే రోడ్డు మీద అద్దె ఇల్లు. మా ఆఫీసరు వారంలో సగం రోజులు క్యాంపులోనే ఉండేవారు. మిగిలింది సీనియర్ అసిస్టెంటునైన నేను, ఒక టైపిస్టు అమ్మాయి, ఒక అటెండరు. అటెండరు అప్పటికే రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. తిమ్మాజిపేట దగ్గర ఊరు ఆయనది. మేమంతా ఆయనను చాచా అనేవాళ్లం. కొత్త చట్టం ప్రకారం ప్రతి ఆఫీసులో ఒక సమాచార అధికారి ఉండాలన్నారు. మా ఆఫీసరు ఆ బాధ్యత నాకు అప్పగించి, నా పేరు రాసిన బోర్డు గుమ్మం పక్కన వేలాడదీయించారు. బోర్డు చూసి నేను లోలోపల పొంగిపోయాను. దాని కింద పనేమిటో మాత్రం ఆలోచించలేదు.

ఆ ఏడు మా శాఖ ఒక మంచి పని చేసింది. ఇళ్లలో వాడే వస్తువులు, అంటే దోమల కాయిళ్లు, ఫినాయిల్, బట్టల సబ్బుపొడి, బాత్రూములు కడిగే యాసిడ్ లాంటివి మూడు పట్నాల దుకాణాల నుంచి తెప్పించి, హైదరాబాదులో పరీక్ష చేయించింది. మనిషికీ, గాలికీ, నీళ్లకీ తక్కువ చెరుపు చేసేవి ఏవో, ఎక్కువ చేసేవి ఏవో తేల్చడం ఉద్దేశం. పరీక్ష చేసేవాళ్లకు కంపెనీ పేరు తెలియకూడదని ప్రతి వస్తువు మీది కాగితం చింపేసి, ఒక నంబరు చీటీ అంటించి పంపాం. కొన్నాళ్లకు మా హెడ్డాఫీసు నుంచి రెండు కాగితాలు వచ్చాయి. మొదటి దాంట్లో నంబర్లు, వాటి ఎదురుగా పరీక్ష ఫలితాలు. రెండో దాంట్లో ఏ నంబరు ఏ వస్తువో, ఏ దుకాణం నుంచి తెచ్చిందో వివరం. వాటితో పాటు ఒక ఉత్తరం. రెండూ తెలుగులో రాయించి నోటీసు బోర్డు మీద పెట్టమనీ, ఎవరడిగినా కాపీ ఇవ్వమనీ అందులో స్పష్టంగా ఉంది.

నేను ఆ రెంటినీ బీరువాలో పెట్టాను.

ఎందుకో చెప్తాను. నేను బిజినేపల్లిలో తెలుగు మీడియం చదివినవాణ్ణి. ఇంగ్లీషులో నోట్ రాయాలంటే పాత ఫైలు తీసి, అందులో ఉన్నట్టే తేదీలు మార్చి రాసేవాణ్ణి. ఇరవై ఏళ్లు అలాగే గడిచింది, ఎవరూ కనిపెట్టలేదు. ఈ కాగితాలకు పాత ఫైలు లేదు. పేజీ నిండా రసాయనాల పేర్లు, నేనెన్నడూ చూడని మాటలు. ఎవరినైనా అడిగితే నాకు రాదని తెలిసిపోతుంది. బోర్డు మీద పేరున్న మనిషిని, ఎలా అడగను? రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ వదిలేశాను.

ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. చీర కుచ్చిళ్లకు నూలు పోగులు అంటుకుని ఉన్నాయి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"నమస్తే సార్. ఇండ్లల్ల వాడే సామాన్లు పరీక్ష జేసిన్రంట గద. ఏది మంచిదో ఏది కాదో కాయితం ఈడ ఇస్తరని రేడియోల చెప్పిన్రు."

"నీకెందుకమ్మా అది?" అన్నాను.

ఎందుకని అడగకూడదు. చట్టంలోనే ఉంది ఆ మాట. మీరు ఎన్నడూ అడగకండి.

ఆమె మాత్రం తప్పుగా అనుకోలేదు. "మా ఆయన చీరెలు నేస్తడు సార్. గుంట మగ్గం. పొద్దంత కాళ్లు గుంతల పెట్టి కూసోవాలె. గుంతల తేమకు దోమలు. అందుకని కాళ్ల కాడ కాయిల్ ముట్టించి పెడ్త. ఒకటి అయిపోతె ఇంకొకటి. ఇప్పుడు దగ్గు పట్టుకున్నది. పొగకు దూరముండమని దవాఖానల చెప్పిన్రు. కాయిల్ పెడ్తె దగ్గు, బంద్ జేస్తె దోమలు. అన్నిట్ల తక్కువ చెడ్డది ఏదన్న ఉంటదేమో సూద్దామని వచ్చిన."

బీరువా నా వెనకే ఉంది. తాళంచెవి సొరుగులో ఉంది.

"ఇంక రాలేదమ్మా. సోమవారం రా" అన్నాను.

సోమవారం వచ్చింది. సార్ క్యాంపులో ఉన్నాడన్నాను. ఇంకో వారం ఆగి వచ్చింది. వస్తువుల్లో కొన్నిటిని నాగర్‌కర్నూల్ దుకాణాల నుంచి కూడా తీశారు, అక్కడ మండలాఫీసులో కూర్చునే మా గుమాస్తాను అడుగు అన్నాను. ఆ పూటకు ఆమె నా ఎదుట నుంచి లేచిపోతే చాలనుకున్నాను. నిజంగా వెళ్తుందనుకోలేదు. వెళ్లింది. వనపర్తిలో బస్సు మారి, బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ పోయి, అక్కడ చెట్టు కింద మధ్యాహ్నం దాకా కూర్చుని, కాగితాలన్నీ గద్వాలలోనే ఉన్నాయని చెప్పించుకుని తిరిగొచ్చింది. నేతకు నూలు కండెలు చుట్టిపెట్టేది ఆమే గనక ఆ రోజు వాళ్ల మగ్గం ఆడలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చి, "ఆడి సారు మీ పేరే చెప్పిండు సార్" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

చాచా నా బల్ల మీది తెల్లకాగితం ఒకటి తీసి ఆమెకిచ్చాడు. "రాసియ్యి బిడ్డా. రాతపూర్వకంగ అడిగితె ముప్పై దినాలల్ల ఇయ్యాలె. కానూన్ అది" అన్నాడు. ఆమె ఏడో తరగతి దాకా చదువుకుంది. బల్ల అంచున కాగితం పెట్టుకుని, నిలబడే, గుండ్రటి అక్షరాలతో అర్జీ రాసింది. నేను తీసుకుని ముద్ర వేశాను. చాచా వైపు కోపంగా చూశాను కూడా.

ఇరవై తొమ్మిదో రోజున ఆమెకు కబురు పెట్టి, మొదటి కాగితం నకలు ఇచ్చాను. నంబర్లు, ఫలితాలు ఉన్నది. రెండోది ఇవ్వలేదు. అందులో దుకాణాల పేర్లున్నాయి, రేపు వ్యాపారులు గొడవకొస్తే ఎవరు పడతారు అని నాకు నేనే చెప్పుకున్నాను. అలా అని నాకెవరూ చెప్పలేదు, ఏ వ్యాపారీ రాలేదు. అసలు సంగతి ఏమిటంటే, రెండు కాగితాలూ చేతికొస్తే ఆమె తన కాయిల్ నంబరు వెతుక్కుని, దాని ఎదురుగా ఏం రాసి ఉందో చదివి చెప్పమంటుంది. పక్కనే టైపిస్టు అమ్మాయి ఉంటుంది. ఆ అమ్మాయి డిగ్రీ చదివింది.

'పూర్తి సమాచారము ముట్టినది' అని రిజిస్టరులో రాసి, కింద ఆమె చేత సంతకం పెట్టించాను. పెట్టాక ఆమె కాగితం చూసింది.

"సార్, ఇండ్ల నంబర్లే ఉన్నయి గద. పేర్లు లేవు. మేం కాల్చేది పచ్చడబ్బది. అది ఎన్నో నంబరు?"

"మాకు వచ్చింది గదే అమ్మా."

"అట్లయితె ఇది దేనికి పనికొస్తది సార్?"

నేను వేరే ఫైలు తెరిచాను. ఆమె కాగితం మడిచి కొంగులో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమెకిచ్చిన ఉత్తరం అడుగున, జవాబు సరిపోకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చని ఆయన చిరునామాతో సహా అచ్చు వేసి ఉంటుంది. అది నియమం. ఆ చిరునామాకు ఆమె పోస్టులో అర్జీ పంపింది. రెండో కాగితం నాకు ఇయ్యలేదు, ఇప్పించండి అని. రెండోది ఒకటుందని ఆమెకెవరు చెప్పారో నేను ఆలోచించలేదు. నెల తర్వాత పై అధికారి గద్వాలకే వచ్చి విచారణ చేస్తానని తేదీ వేశారు.

ఆ నెలలో చాచా ఏం చేశాడో నాకు తెలియదు. విచారణ రోజే తెలిసింది.

పై అధికారి మా ఆఫీసరు కుర్చీలో కూర్చున్నారు. మా ఆఫీసరు పక్కన, నేను రిజిస్టరు పట్టుకుని ఎదురుగా. చాచా టీ కప్పుల పళ్లెంతో తలుపు దగ్గర. ఆమె లోపలికి వచ్చి, చీర కొంగులో చుట్టి తెచ్చిన కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. రెండు కాగితాలు.

రెండోదాన్ని చూడగానే గుర్తుపట్టాను. అది మా బీరువాలోని కాగితం నకలే. తాళంచెవి ఎక్కడుంటుందో నాకు కాకుండా చాచా ఒక్కడికే తెలుసు. పొద్దున ఆఫీసు తెరిచేది ఆయనే.

పై అధికారి అప్పీలు చదివారు, కాగితాలు చూశారు. "రెండో కాగితం ఇవ్వలేదని గదమ్మా నీ అప్పీలు? మరి ఇదేంది? నీ చేతులనే ఉన్నది" అన్నారు.

"ఉన్నది సార్. ఇంగ్లీషుల ఉన్నది. చదువొస్తలేదు. తెలుగుల చెప్పమనుండ్రి సార్. నాకొక్కదానికే కాదు, మా గల్లీల అందరు అడుగుతున్నరు."

ఆయన నా వైపు తిరిగారు. "ఏమయ్యా? ఇచ్చినవా లేదా?"

ఆ క్షణంలో నా ముందు మూడు దార్లున్నాయి. ఇవ్వలేదు సార్, తప్పయింది అనొచ్చు. ఇవ్వలేదు, ఆమెకెలా వచ్చిందో తెల్వదు అంటే చాచా పట్టుబడతాడు. నేను మూడోది పట్టుకున్నాను.

"ఇచ్చినం సార్. రెండూ ఇచ్చినం. పూర్తిగ ముట్టిందని సంతకం గూడ ఉన్నది." రిజిస్టరును ఆయన ముందు తెరిచి పట్టుకున్నాను.

ఆయన సంతకం చూసి ఆమెను అడిగారు. "ఇది నీ సంతకమేనా?"

"నాదే సార్."

"రెండు కాయితాలు వీళ్లే ఇచ్చిన్రా?"

ఆమె నన్ను చూసింది. తర్వాత తలుపు దగ్గరున్న చాచాను చూసింది. మళ్లీ నన్ను చూసింది. ఇవ్వలేదంటే మరి ఎవరిచ్చారని అడుగుతారు. ఆమెకు అది తెలుసు. ఆమెకు తెలుసని నాకూ తెలుసు. దాని మీదే నేను నిలబడి ఉన్నాను.

"ఇచ్చిన్రు సార్" అంది.

"మరి ఇయ్యలేదని ఎందుకు రాసినవ్? అన్నీ ముట్టినంక అప్పీలేంది? నన్ను అంత దూరంకెళ్లి పిలిపిచ్చి టైం ఖరాబు చేస్తవా? పనిచేసేటోళ్ల మీద గిట్ల రాయొచ్చునా?"

ఆయన మందలిస్తుంటే ఆమె తల దించుకుని నిలబడింది. అందులో ఒక్క మాట కూడా ఆమెకు చెందింది కాదు. అన్నీ నావి. నేను పక్కనే, రిజిస్టరు పట్టుకుని, నిటారుగా నిలబడి విన్నాను. అప్పీలు కొట్టేశారు. కొట్టేసి, మా ఆఫీసరుతో, "మీవాడు బాగా చేస్తున్నాడు. వివరాల కాగితం కూడా దాచకుండా ఇచ్చిండు. వీలైతే తెలుగు చేసి కూడ ఇప్పించండి" అన్నారు. మా ఆఫీసరు నా భుజం తట్టారు.

ఆమె కాగితాలు మళ్లీ కొంగులో చుట్టుకుని, అందరికీ దండం పెట్టి వెళ్లింది. నాక్కూడా పెట్టింది.

సాయంత్రం చాచా నా బల్ల మీద టీ పెట్టాడు. నేను తలెత్తలేదు. ఆయన వెళ్లలేదు.

"పచ్చడబ్బది పద్నాలుగో నంబరు సాబ్. చీటి అంటించింది నేనే" అన్నాడు. అని వెళ్లిపోయాడు.

బీరువా తెరిచి పద్నాలుగో నంబరు వెతికాను. దాని ఎదురుగా నాలుగైదు ఇంగ్లీషు మాటలు. మర్నాడు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే లెక్చరర్ దగ్గరికి పోయి, సిగ్గు విడిచి, నాకు రాదు, చెప్పండి అన్నాను. ఆయన నవ్వలేదు. అరుగు మీద కూర్చోబెట్టుకుని ఒక్కో మాటకు అర్థం చెప్పాడు. 'గాలి ఆడని చోట కాల్చరాదు.' పద్నాలుగో నంబరు ఎదురుగా ఉన్నది అదే. మూడు సాయంత్రాల్లో రెండు కాగితాలూ తెలుగులోకి వచ్చాయి. మూడు సాయంత్రాల పని అది. దాన్ని నేను నాలుగు నెలలు బీరువాలో పెట్టాను.

నోటీసు బోర్డు మీద ఒకటి అంటించి, ఒకటి పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. గల్లీ పొడుగునా మగ్గాల చప్పుడు. ఆమె భర్త గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. పాత దోమతెర గుడ్డను కుట్టి గుంత చుట్టూ, నడుం దాకా కట్టారు. కాయిల్ లేదు. విచారణకు వారం ముందే చాచా వచ్చి చెప్పాడట, మూసిన చోట అది కాల్చవద్దని. ఆయనకు ఇంగ్లీషు రాదు. మసీదు దగ్గర మందుల దుకాణం అతన్ని అడిగి తెలుసుకున్నాడట. నేను నాలుగు నెలలు ఎవరినీ అడగలేకపోయిన మాట, ఆయన దారిలో పోతూ అడిగాడు.

నేనిచ్చిన తెలుగు కాగితాన్ని ఆమె గుమ్మంలో నిలబడి పైకి చదివింది. పక్కిళ్లవాళ్లు వచ్చి విన్నారు. ఒకామె సబ్బుపొడి గురించి అడిగింది, ఇంకొకామె ఫినాయిల్ గురించి. అన్నిటికీ ఆమే చూసి చెప్పింది. భర్త దగ్గుతూనే, "సారు మంచోడు. ఇంటిదాంక తెచ్చిచ్చిండు. ఎవరు జేస్తరు గిట్ల" అన్నాడు. ఆమె లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చింది. అప్పుడు చెప్పాల్సింది. నీళ్లు తాగి వచ్చేశాను.

మరుసటి ఏడు ఆమె భర్త మగ్గం మానేశాడు. ఊపిరి ఆడక మగ్గాన్ని కాళ్లతో తొక్కలేకపోయాడని విన్నాను. కాయిల్ వల్లనే అని ఏ డాక్టరూ చెప్పలేదు. వయసులో బీడీలు తాగేవాడట, నూలు దుమ్ము ఎలాగూ ఉంది. అందులో నా నాలుగు నెలల వాటా ఎంతో చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. ఏమీ లేదేమో. ఉందేమో.

ఆ విచారణలో నాకు దక్కిన మెప్పు ఊరికే పోలేదు. వనపర్తి నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి కొత్త గుమాస్తాలను నా దగ్గరికి పంపించారు, సమాచారం ఎలా ఇవ్వాలో నేర్చుకొమ్మని. నేర్పాను. ఆ కేసు ఫైలే తెరిచి, చూడండి, ఇలా రిజిస్టరు ఉండాలి అని చూపించాను. చాచా అందరికీ టీ ఇచ్చాడు.

ఏడాదికి చాచా రిటైరయ్యాడు. దండ వేసి, శాలువా కప్పి, నన్ను మాట్లాడమన్నారు. సమయానికి వచ్చేవాడనీ, ఎన్నడూ ఎదురు చెప్పలేదనీ ఐదు నిమిషాలు మాట్లాడాను. చెప్పాల్సింది చెప్పలేదు. తర్వాత ఆయన సంచి పట్టుకుని బస్టాండు దాకా వెళ్లాను. నాగర్‌కర్నూల్ బస్సు ఇంకా రాలేదు. ఇక ఆ పూట దాటితే ఆయన నాకు దొరకడని తెలుసు.

"చాచా, ఆనాడు నేను అబద్ధం చెప్పిన. నీ నౌకరి పోతదని ఆమె నోరు మూసుకున్నది. దాని మీద నేను బతికిన. మాఫ్ చెయ్యి" అన్నాను.

ఆయన బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూశాడు.

"నా కోసం కాదు సాబ్" అన్నాడు. "లోపలికి రాకముందే ఆమెకు చెప్పిన. అడిగితె నా పేరు చెప్పు బిడ్డా, నాకు ఏడాది సర్వీసే ఉన్నది, మహా అయితె ఒక మెమో ఇస్తరు, పరేషాన్ గాకు అని. సరే చాచా అన్నది. బయటికొచ్చినంక అడిగిన, ఎందుకు చెప్పలేదు అని."

"ఏమన్నది?"

"ఆ సారు చేతుల రిజిస్టరు ఎట్ల వణుకుతుండెనో సూసినవా చాచా, నాకు నోరు రాలేదు అన్నది."

బస్సు వచ్చింది. ఆయన నా చేతిలోంచి సంచి తీసుకుని ఎక్కాడు.